రొయ్యల చెరువు టైర్లతో బీచ్ రోడ్డు మీదికి: ఒక థార్ కేసు

2024 జూన్ రెండో వారంలో ఒక మహీంద్రా థార్ జీపు విశాఖపట్నంలో మా టైర్ల షాపుకి వచ్చింది. ముందు ఎడమ రిమ్ము అంచు లోపలికి మడతపడిపోయింది. టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) మీద అరచేయంత మేర గీరుకుపోయింది. బండి దిగుతూనే కుర్రాడు, "బ్రేక్ పట్టలేదు బాబాయ్" అన్నాడు.

అతనికి భీమిలి దాటాక రొయ్యల హేచరీ ఉంది, కొంచెం దూరంలో చెరువులు కూడా ఉన్నాయి. వారానికి మూడు నాలుగుసార్లు గట్ల మీదికి వెళ్ళాలి. ఆ బురద తెలిసినవాళ్ళకే తెలుసు, నల్లరేగడిలో ఉప్పునీళ్ళు కలిసిన బంక అది. అందుకే రెండేళ్ళ కిందట కంపెనీ టైర్లు విప్పించి, బురద కోసం చేసిన మడ్ టెరైన్ టైర్లు వేయించుకున్నాడు. సినిమాలు చూసి వేయించుకున్న బాపతు కాదు, అవసరమే. ఈ మాట ముందే చెప్పడం దేనికంటే, మడ్ టైర్లంటే షోకు కోసమే అని తీసిపారేసేవాళ్ళు మా లైన్‌లో చాలామంది ఉన్నారు. నేనూ కొన్నాళ్ళు అలాగే మాట్లాడాను.

జరిగింది ఇది. సాయంత్రం ఋషికొండ వైపు నుంచి సిటీకి వస్తున్నాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మీటర్ మీద 50 ఉంది. కొబ్బరిబొండాల బండి దగ్గర ముందు వెళ్తున్న ఆటో ఠక్కున ఆగింది. ఇతను బ్రేక్ తొక్కాడు. పెడల్ కింద ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గరగరమంది, బండి మాత్రం ఆగకుండా సాగిపోయింది. చివరి క్షణంలో స్టీరింగ్ ఎడమకి తిప్పేశాడు, ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆటోవాడు తిట్టిన తిట్లు మాత్రం ఇంకా గుర్తున్నాయట.

మా దగ్గరికి రాకముందే ఒక గ్యారేజీలో బ్రేకులు చూపించుకున్నాడు. ప్యాడ్లు, డిస్కులు, ఆయిలు అన్నీ బాగున్నాయన్నారు. నేనూ మళ్ళీ చూశాను, బాగానే ఉన్నాయి. ఏబీఎస్ పనిచేసినందుకు గుర్తు ఆ గరగరే. బ్రేకు చక్రాన్ని ఆపగలదు. చక్రం బండిని ఆపాలంటే రోడ్డుకీ రబ్బరుకీ మధ్య పట్టుండాలి. ఏబీఎస్ చేసేదల్లా ఉన్న పట్టుని పూర్తిగా వాడుకోవడం, లేని పట్టుని తేవడం దాని చేతిలో లేదు.

టైరు మీద కనిపించినవి

నేను మద్దిలపాలెం దగ్గర టైర్లు, ఎలైన్‌మెంట్ పని చేస్తాను. అంతకుముందు పదిహేడేళ్ళు ఆర్మీలో, బళ్ళు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌ని. ఆ అలవాటు కొద్దీ బండి ఏదైనా ముందు టైరు పక్కన చతికిలబడి చదువుతాను. టైరు సైడ్‌వాల్ మీద సగం జాతకం రాసే ఉంటుంది.

కంపెనీ సైజు 245/75 ఆర్16. వేయించుకున్నది 265/75 ఆర్16, ఎల్‌టీ రకం, అంటే లైట్ ట్రక్కుల కోసం చేసిన గట్టి గోడల టైరు. లెక్క కడితే టైరు ఎత్తు 774 మిల్లీమీటర్ల నుంచి 804కి పెరిగింది, సుమారు 4 శాతం. మీటర్ 50 అంటున్నప్పుడు లెక్క ప్రకారం బండి 52 దగ్గర ఉంది. ఇది చిన్న విషయమే, కానీ ఈ కేసులో అన్నీ చిన్న విషయాలే. అవన్నీ ఒకే సాయంత్రం కలిశాయి.

తర్వాత తయారీ తేదీ చూశాను. టైరు గోడ మీద డాట్ అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇతని నాలుగు టైర్ల మీదా 2218 ఉంది. 2018లో 22వ వారం. కొన్నది 2022లో, కొత్త టైర్లుగానే, మంచి డిస్కౌంట్‌తో. అప్పటికే నాలుగేళ్ళు ఎక్కడో గోడౌన్‌లో కూర్చున్న సరుకు. అమ్మినవాళ్ళ పేరు అతను చెప్పాడు, నేను ఇక్కడ రాయను. కొనేటప్పుడు ఆ నాలుగంకెలు చూసేవాళ్ళు నూటికి ఒకరిద్దరు కూడా మాకు కనబడరు.

"ఏటి బాబాయ్, గాడి చూడు, ఇంకా వేలెడు లోతుంది" అన్నాడు. గేజ్ పెడితే 12 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్త మడ్ టైరు 14, 15 మధ్య మొదలవుతుంది. అరుగుదల గుర్తు 1.6 దగ్గర ఉంటుంది. ఆ లెక్కన టైరు నవయవ్వనంలో ఉన్నట్టే. కానీ టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు ముద్ద, మేం బటన్ అంటాం, దాని మీద గోరు గుచ్చి చూస్తే దిగలేదు. డ్యూరోమీటర్ పెట్టాను. అదొక చిన్న సూది పరికరం, రబ్బరు ఎంత గట్టిగా ఉందో అంకెలో చెబుతుంది. నీడలో 74 వచ్చింది. అతని కంపెనీ టైర్లు ఇంట్లో మేడ మెట్ల కింద పడున్నాయంటే తెప్పించాను. వాటి మీద అదే పూట 65. మా భాషలో చెప్పాలంటే మడ్ టైర్లలో రబ్బరు చచ్చిపోయింది. లోతు ఉంది, ప్రాణం లేదు.

ఇక గాలి. నాలుగింట్లోనూ 42 పీఎస్ఐ ఉంది. బరువు బండి, మైలేజీ బాగొస్తుంది అని పెట్రోల్ బంకులో కుర్రాడు పెట్టేవాడట, ఇతను ఊ అనేవాడు.

42లో టైరు రోడ్డుని ఎంత తాకుతోందో చూపిద్దామనిపించింది. ఆర్మీ పుణ్యమా అని బూట్ పాలిష్ డబ్బా నా షాపులో ఎప్పుడూ ఉంటుంది. జాకీ వేసి ముందు కుడి చక్రం లేపి, కింది వైపు బటన్లకి నల్ల పాలిష్ పూసి, టీవీ అట్టపెట్టె ముక్క పరిచి, మెల్లగా దింపాను. మళ్ళీ లేపి అట్ట తీశాను. మధ్యలో రెండు వరుసల ముద్దలు చిక్కగా పడ్డాయి. భుజాల వైపు పెద్ద బటన్లు ఒక్కొక్కటీ సగమే అంటుకున్నాయి, చివర మసక. ముద్దకీ ముద్దకీ మధ్య రెండు వేళ్ళు పట్టే ఖాళీ. అదే అట్ట వెనక్కి తిప్పి కంపెనీ టైరుతో చేశాను, దాని గాలి దానికి పెట్టి. చాప పరిచినట్టు నిండుగా వచ్చింది, మధ్యలో సన్నటి తెల్ల గీతలే. రెండూ పక్కపక్కన పెట్టాక కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ అట్ట ఇప్పటికీ మా షాపు గోడ మీదే ఉంది.

లోతు వేరు, పట్టు వేరు

మడ్ టైరు పనిచేసే పద్ధతి ఒకటే. కింద ఉన్నది మెత్తగా ఉండాలి. బటన్ దానిలోకి దిగుతుంది, పార పోటు వేసినట్టు వెనక్కి తోస్తుంది, తిరిగేటప్పుడు ఆ పెద్ద ఖాళీల్లోంచి బురద విదిలిపోతుంది. గట్టు మీద ఇదంతా అద్భుతంగా జరుగుతుంది. తార్రోడ్డులోకి బటన్ దిగదు. అక్కడ పట్టు అంటే రబ్బరు మెత్తగా సాగి, కంకర రాళ్ళ గరుకుని పట్టుకోవడమే. దానికి మూడు కావాలి. తాకే మేర ఎక్కువ ఉండాలి, రబ్బరు మెత్తగా ఉండాలి, పల్చటి నీటి పొరని తుడిచే అంచులు చాలా ఉండాలి. ఆ అంచుల కోసమే రోడ్డు టైర్ల బటన్ల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు ఉంటాయి, సైప్స్ అంటారు. మడ్ టైర్లలో ఇవి తక్కువ, ఎందుకంటే చీలికలున్న బటన్ రాళ్ళ మీద ముక్కలై ఊడిపోతుంది. రబ్బరు కూడా రాళ్ళకి తెగకుండా ఉండేలా కలుపుతారు. కాబట్టి ఇది టైరు లోపం అనలేను. ఒక పనికి చేసిన వస్తువుని ఇంకో పనికి తీసుకెళ్ళాం, దాని మీద ఆరేళ్ళ వయసు, దాని మీద 42 గాలి.

"అంటే హైడ్రోప్లేనింగా?" అన్నాడు. ఈ మాట ఈ మధ్య అందరి నోటా వింటున్నాను. కాదు. టైరు నీటి మీద తేలిపోవడం నిలిచిన నీళ్ళలో, ఎక్కువ వేగంలో జరిగేది. 1960లలో నాసా వాళ్ళు విమానం టైర్ల మీద చేసిన పని నుంచి వచ్చిన సూత్రం ఒకటుంది. దాన్లో గాలి 34 పెడితే తేలే వేగం గంటకి సుమారు 97 కిలోమీటర్లు, 42 పెడితే 108 వస్తుంది. నీళ్ళు గాడుల్లోంచి పోయే దారి లేనప్పటి లెక్క అది. నిజానికి నిలిచిన నీళ్ళలో మడ్ టైరు లోతైన గాడి మేలే చేస్తుంది, ఎక్కువ గాలి కూడా మేలే చేస్తుంది. ఈ బండి జారింది 50లో, చినుకుల్లో. వేసవంతా రోడ్డు మీద పడిన ఆయిలు, టైర్ల పొడి, దుమ్ము, బీచ్ నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, వీటికి నాలుగు చుక్కలు తగిలితే పల్చటి జిగురు తయారవుతుంది. గంటసేపు దంచి కొడితే అదంతా కడుక్కుపోతుంది, రోడ్డు మళ్ళీ కొంచెం మనిషవుతుంది. తొలకరి చినుకుల రోజున మా షాపుకి గిరాకీ పెరగడం నేను ఏటా చూస్తున్నాను. తుఫాను రోజున జనం ఎలాగూ బయటికి రారు.

మాటలతో పని కాదని ఆదివారం పొద్దున్నే ఆనందపురం దాటి, ప్లాట్లు వేసి అమ్ముడుపోక పడున్న ఒక లేఅవుట్‌కి వెళ్ళాం. లోపల తార్రోడ్డు సాఫీగా ఉంది, ఎవరూ రారు. నీళ్ళ ట్యాంకర్ ఒకటి మాట్లాడాను. వేగం ఫోన్‌లో జీపీఎస్ చూసి, 40 దగ్గర, ఇటుక పెట్టిన చోట బ్రేక్ పూర్తిగా తొక్కడం. ఒక్కో రకానికి నాలుగుసార్లు. టేపు పట్టుకున్నది మా షాపు కుర్రాడు, శ్రీకాకుళం వాడు.

మడ్ టైర్లు, 42 గాలితో సగటున 17 మీటర్లు. సుద్దముక్కతో టైరు అడ్డంగా గీత గీసి, కొంచెం దూరం నడిపి, గీత వెడల్పంతా సమానంగా చెరిగేదాకా గాలి తగ్గిస్తూ వచ్చాం. 34 దగ్గర కుదిరింది. అప్పుడు 15న్నర. కంపెనీ టైర్లు వేసి చూస్తే 12. ఇది ల్యాబ్ కాదు, ఒక బండి, ఒక రోడ్డు, ఒక పొద్దు. అయినా లెక్క వేస్తే బాధ కలిగించే మాట ఒకటి బయటపడింది. కంపెనీ టైర్ల బండి పూర్తిగా ఆగిపోయిన చోట, పాత మడ్ టైర్ల బండి ఇంకా దాదాపు 22 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. అయిదు మీటర్ల తేడా అంటే కాగితం మీద ఏమీ అనిపించదు. 22 వేగంతో ఆటో వెనక్కి తగలడం అంటే వెంటనే అర్థమవుతుంది.

"నాలుగో పాలి మాత్రం ఎల్లిపోనాది సార్" అన్నాడు మా కుర్రాడు టేపు చుడుతూ. అవును, మడ్ టైర్ల నాలుగో పరుగు 18 దాటింది. ఎందుకో తెలియదు, సగటులో మాత్రం కలిపాను.

రిమ్ము మార్చాం, ఎలైన్‌మెంట్ సరిచేశాం. గుద్దుకున్న తర్వాత చూసిన టో (చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చెప్పే కొలత) అంకెతో ముందు ఎలా ఉండేదో చెప్పలేం కాబట్టి దాని గురించి రాయడం దండగ. వానాకాలమంతా సిటీలో కంపెనీ టైర్లు, చెరువుల మీద పని ఉన్న వారం మడ్ టైర్లు వేసుకొమ్మన్నాను. రెండు వారాలు మార్చుకున్నాడు. తర్వాత బద్ధకించి కంపెనీ టైర్లే ఉంచేశాడు. పైగా, "బాబాయ్, థార్ బక్కచిక్కినట్టు ఉంది" అని ఒక ఫిర్యాదు.

మంచు సంగతి

అక్టోబర్‌లో మళ్ళీ వచ్చాడు. జనవరిలో నలుగురు స్నేహితులు రెండు బళ్ళలో హిమాచల్‌లోని మనాలీ, అటల్ టన్నెల్ దాటి సిస్సు అనే ఊరి దాకా ప్రయాణమట. "మంచుకి మడ్ టైర్లే బెస్టట కదా, వీడియోల్లో చూశాను. కొత్తవి వేయించేద్దాం, ఈసారి తేదీ చూసి కొంటాను."

"మంచు అంటే ఏ మంచు?" అన్నాను.

"మంచంటే మంచే బాబాయ్. లంబసింగి వెళ్ళొచ్చాం కదా పోయిన డిసెంబర్‌లో, తెల్లవారుజామున అద్దం మీద తుడుచుకుంటూ నడిపాం."

ఇక్కడే వచ్చింది చిక్కు. తెలుగులో మనకి అన్నీ మంచే. లంబసింగిలో కళ్ళకడ్డం పడే పొగమంచూ మంచే, గడ్డి మీద పేరుకున్న తెల్లటి పొడీ మంచే, హిమాలయాల్లో దూదిలా పడేదీ మంచే, రోడ్డు మీద గాజులా గట్టిపడిందీ మంచే. టైరుకి మాత్రం ఇవి నాలుగు వేరు వేరు రోడ్లు. మొదటిదానిలో చూపు సమస్య, టైరుది కాదు. అప్పుడే పడిన లోతైన దూది మంచులో మడ్ టైరు నిజంగానే బాగుంటుంది, ఆ వీడియోల్లో అబద్ధమేమీ లేదు. అది బురదకి చుట్టమే. బటన్ దిగుతుంది, తోస్తుంది, విదిలిస్తుంది. కానీ వందల బళ్ళు తొక్కి తొక్కి పలకలా చేసిన మంచు మీద, పగలు కరిగి రోడ్డుకి అడ్డంగా పారి రాత్రి గడ్డకట్టిన నీళ్ళ మీద బటన్ దిగదు. మళ్ళీ తార్రోడ్డు కథే, ఇంకా ఘోరంగా.

నేను లడాఖ్‌లోని ద్రాస్‌లో రెండు చలికాలాలు ఉన్నాను. అక్కడ నేర్చుకున్నది పుస్తకంలో చదివితే నమ్మేవాణ్ణి కాదు. మైనస్ ఇరవైలో, తెల్లవారుజామున, పొడిగా ఉన్న మంచుగడ్డ మీద బండి కొంచెం మాట వింటుంది. ఎండ తగిలి సున్నాకి దగ్గరగా వచ్చినప్పుడు పైన కంటికి కనబడని నీటి పొర ఏర్పడుతుంది, అప్పుడు ఎవరి మాటా వినదు. చలి తగ్గింది కదా అని డ్రైవర్లు ధైర్యం చేసే వేళ అదే. జోజిలా కనుమ దిగి వచ్చిన ట్రక్కులు మా వర్క్‌షాప్‌కి ఎక్కువగా మధ్యాహ్నాలే వచ్చేవి.

ఇదంతా చెబితే కుర్రాడు తల ఊపాడు గానీ ముఖంలో నమ్మకం లేదు. "ఐస్ నీ దగ్గరే ఉంది కదా, రేపు రెండు దిమ్మలు పట్రా" అన్నాను. రొయ్యల వ్యాపారి, ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు తెలిసినవాళ్ళే. మర్నాడు ఊకలో చుట్టి తెచ్చాడు. ఒక దిమ్మ కడిగి షెడ్డులో బల్ల మీద పెట్టాం. అతని పాత మడ్ టైరు నుంచి ఒక బటన్ కోశాను, స్క్రాప్‌లో పడున్న కారు టైరు నుంచి అంతే మేర ముక్క. ఒక్కోదాని మీద రెండు కిలోల తూకపు రాయి కట్టి, చేపలు తూచే స్ప్రింగ్ కాటాతో లాగించాను. మడ్ బటన్ 150 గ్రాముల దగ్గర కదిలిపోయింది. కారు టైరు ముక్క 200 దగ్గర. రెండు కిలోల బరువుని చిటికెన వేలితో లాగినట్టే. అదే ముక్కల్ని షెడ్డు సిమెంటు గచ్చు మీద లాగితే రెండూ కిలో దాటాయి.

"అయితే ఏ టైరైనా ఒకటేగా బాబాయ్" అన్నాడు.

ఆ దిమ్మ విశాఖపట్నం ఎండలో కరుగుతున్న దిమ్మ, ఉన్నవాటిలోకెల్లా చెడ్డ మంచు. అక్కడ దాదాపు అన్నీ ఒకటే. చలి పెరిగే కొద్దీ తేడా మొదలవుతుంది, ఎందుకంటే మామూలు రబ్బరు 7 డిగ్రీల కిందకి దిగితే బిగుసుకుపోతూ ఉంటుంది. శీతాకాలపు టైర్ల రబ్బరు అక్కడా మెత్తగా ఉండేలా కలుపుతారు, సన్నటి చీలికలు వందల్లో ఉంటాయి. చివరగా మంచులో టైరుకి చుట్టే గొలుసు, స్నో చైన్, దాని ముక్క ఒకటి దిమ్మ మీద పెట్టి, పైన చెక్క వేసి, నేనే ఎక్కి నిలబడి పక్కకి ఈడ్పించాను. దిగి చూస్తే దిమ్మ మీద తెల్లగా రెండు గాట్లు పడ్డాయి. రబ్బరు లాగిన చోట గీత కూడా లేదు. కుర్రాడు ఆ గాట్ల మీద వేలు పెట్టి రాసి చూశాడు. ఆ తర్వాత మడ్ టైర్ల మాట ఎత్తలేదు.

గుర్తుల గురించి ఒక మాట, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఇక్కడే బోల్తా పడుతున్నారు. మడ్ టైర్ల మీద కూడా చాలావాటికి ఎం ప్లస్ ఎస్ అని ఉంటుంది, మడ్, స్నో అని అర్థం. అది గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారు తానే వేసుకునే ముద్ర, పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి శీతాకాలపు టైరుగా ఆ ముద్ర ఒక్కటే ఉంటే చెల్లదు. మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటే అది తొక్కిన మంచు మీద పరీక్ష పాసైన టైరు. అదీ మంచు మీదే, గాజులాంటి ఐస్ మీద కాదు. యూరప్ లేబుల్‌లో ఐస్ పట్టుకి 2021 మే నుంచి వేరే గుర్తు పెట్టారు.

పూర్తి శీతాకాలపు టైర్లు వేద్దామా అంటే, ఇక్కడి నుంచి మనాలీ రెండువేల కిలోమీటర్ల పైమాటే. జనవరిలో కూడా పగలు 28 ఉండే ఊరు మనది. ఆ మెత్తటి రబ్బరు సగం దారిలోనే అరిగిపోతుంది, తిరిగొచ్చాక పనికీ రాదు. చివరికి కుదిరింది ఇది. కంపెనీ సైజులోనే, రోడ్డుకీ మట్టికీ మధ్యరకంగా పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు, కొండ బొమ్మ ఉన్నవి, ఆ ఏడాది తయారైనవి. వాటికి సరిపోయే చైన్లు. సైజు దగ్గర నేను పట్టుబట్టాను. 265 టైరు వేసి దాని మీద చైన్ చుడితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కీ, సస్పెన్షన్‌కీ గీరుకుంటుంది. పెద్ద టైరు వేసుకున్నవాళ్ళకి ఈ సంగతి కొండ మీద, మునివేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు తెలుస్తుంది.

చైన్ వేయడం ఇక్కడే నేర్పించాను. డిసెంబర్ మధ్యాహ్నం, చెమటలు కారుతుండగా, మద్దిలపాలెం రోడ్డు పక్కన థార్‌కి మంచు గొలుసులు. ఆటోస్టాండ్ మొత్తం వచ్చి చూసింది. "ఏటి గురూ, కట్టేసినారేటి, పారిపోతదా?" అని ఒకాయన. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, అయిదోసారికి పదమూడు. గ్లోవ్స్ వేసుకుని కూడా చేయించాను.

దానితో పాటు ఫోర్ బై ఫోర్ గురించి చెప్పాల్సింది చెప్పాను. నాలుగు చక్రాలూ తిరగడం బండి కదలడానికి, ఎక్కడానికి. ఆగేటప్పుడు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి, థార్‌కి అదనంగా ఏమీ లేదు. సులువుగా కదిలిందంటే రోడ్డు బాగుందని మనసు మోసపోతుంది. 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ ఇంజను బలం పంపే గేరు) ముందు వెనక చక్రాలు ఒకే వేగానికి కట్టుబడి ఉంటాయి కాబట్టి పొడి తార్రోడ్డు మలుపుల్లో అది వేసి తిప్పొద్దు, బిగుసుకుంటుంది. దిగేటప్పుడు రెండో గేరు, బ్రేక్ మీద కాలు ఊరికే ఆనించి. వేగం లెక్క కూడా కట్టి ఇచ్చాను. ఐస్ మీద 30లో వెళ్తూ బ్రేక్ తొక్కితే ఆగడానికి సుమారు 35 మీటర్లు పడుతుంది. నీ పాత మడ్ టైర్లతో తడి తార్రోడ్డు మీద 60లో తొక్కితే పట్టేదీ దాదాపు అంతే. బీచ్ రోడ్డు సాయంత్రం గుర్తుందిగా, అంతే ఇది.

గాలి దగ్గర ఒక తమాషా ఉంది. చలికి టైరులో గాలి తగ్గుతుందని అందరికీ తెలుసు. ఇక్కడ 30 డిగ్రీల్లో 35 పెట్టి బయల్దేరితే ఢిల్లీ పది డిగ్రీల పొద్దున గేజ్ 32 చూపిస్తుంది. సిస్సు పదివేల అడుగుల ఎత్తు. అక్కడ మైనస్ అయిదులో ఇంకా పడిపోవాలి కదా? పడదు, 34 దగ్గర చూపిస్తుంది. పైన బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి చలి తీసుకున్నదాన్ని ఎత్తు చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. గాలి పోతోందనుకుని ఢిల్లీలో మరీ ఎక్కువ కొట్టించొద్దని చెప్పాను. 36 కొట్టించాడట, పర్లేదు.

వెళ్ళొచ్చాక

జనవరి మూడో వారంలో ఫోన్ వచ్చింది. టన్నెల్ దాటి బయటికి రాగానే నీడలో ఉన్న వంపు, పొద్దున్న ఎనిమిది గంటలు. ముందు వెళ్తున్న టాక్సీ అడ్డం తిరిగిపోయింది. ఇతను 20లో ఉన్నాడు, అరవై మీటర్లు వెనక ఉన్నాడు, ఆగాడు. వెనకొచ్చిన స్నేహితుడి బండి, మడ్ టైర్లది, చైన్లు లేనిది, ఇతని స్పేర్ వీల్‌ని మెత్తగా ముద్దు పెట్టుకుని ఆగింది. స్పేర్ వీల్ కవర్ చిరిగింది, స్నేహం నిలిచింది.

తప్పులూ జరిగాయి. నాలుగు చక్రాలకీ చైన్లు తీసుకెళ్ళమన్నాను, ఖర్చెందుకని ఒక్క జతే తీసుకెళ్ళాడు, వెనక చక్రాలకి వేశాడు. ఎక్కేటప్పుడు బాగుంది. దిగేటప్పుడు స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిన్నగా పోయిందట, రెండుసార్లు. ఇది నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది, ఒక్క మాటలో దాటేశాను. వెనక బండి సంగతి కూడా అంతే. రెండు బళ్ళు వెళ్తున్నాయని తెలిసి కూడా రెండో బండి టైర్లు ఏమిటని అడగలేదు. పైగా కింద పొడి రోడ్డు వచ్చాక కూడా చైన్లు విప్పకుండా ఏడెనిమిది కిలోమీటర్లు నడిపాడు. రెండు లింకులు తెగి, వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్‌ని చీల్చాయి. ఆ ముక్క నేనే మార్చాను.

మొన్న ఆగస్టు వానల్లో ఆల్ టెరైన్ టైర్లతోనే చెరువుల మీదికి వెళ్ళి గట్టు మీద రెండుసార్లు దిగబడ్డాడు. గాడులన్నీ ఆ బంక మట్టితో నిండిపోయి టైరు గుండ్రాయిలా తయారైంది. రెండోసారి చీకటి పడింది, పక్క చెరువు వాళ్ళ ట్రాక్టరుతో లాగించుకున్నాడు. మర్నాడు బండి కడిగించకుండానే షాపుకి తెచ్చి నా ముందు నిలబెట్టి, "మడ్ టైర్లుంటే ఈ బాధ ఉండేది కాదు బాబాయ్" అన్నాడు. అవును, ఉండేది కాదు. ఇప్పుడు 245 సైజులోనే కొత్త మడ్ టైర్లు నాలుగు, వేరే స్టీలు రిమ్ములకి ఎక్కించి హేచరీ షెడ్డులో పెట్టుకున్నాడు. భీమిలి దాటాక అక్కడే మార్చుకుంటాడు, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ మార్చుకుంటాడు. మారుస్తున్నాడో లేదో అని నెలకోసారి రెండు సెట్ల ట్రెడ్డూ కొలుస్తున్నాను. ఇప్పటికైతే మారుస్తున్నాడు.